బండిని ఎగరేసిన తేనెటీగ: స్కైరిమ్ రికార్డులు, రిపేర్లు

11-11-11. ఈ తేదీ మీదే పట్టుబట్టి 2011 నవంబరు 11న బజారులోకి దిగింది స్కైరిమ్. మొదటి వారంలోనే దుకాణాలకు చేరినవి 70 లక్షల కాపీలు! 2016 నవంబరు నాటికి 3 కోట్లు! 2023 నాటికి 6 కోట్లు! కంప్యూటర్ మీద స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో విడుదలైన రోజుల్లో ఒకే సమయంలో ఆడుతూ కనిపించినవాళ్లు 2.8 లక్షలకు పైనే. పోనీ ఇది పదిమంది కలిసి ఆడే ఆటా అంటే, కాదు. ఒక్కరే కూర్చుని ఆడుకోవాలి.

తయారుచేసింది అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని బెథెస్డా గేమ్ స్టూడియోస్. సారథి టాడ్ హోవార్డ్. పనిచేసినవాళ్లు సుమారు 100 మంది. ‘ఎల్డర్ స్క్రోల్స్’ వరుసలో ఇది అయిదోది. 1994లో అరీనా, 1996లో డాగర్‌ఫాల్, 2002లో మారోవిండ్, 2006లో ఒబ్లివియన్, ఆ తర్వాత స్కైరిమ్. మంచుకొండలు, డ్రాగన్లు, మాంత్రికులు, గుహల్లో నిధులు... జానపద సినిమాల మీద పెరిగిన తెలుగువాళ్లకు ఈ సరంజామా అంతా తెలిసిందే. తెలియనివి రెండున్నాయి. ఒకటి, ఎటు వెళ్లాలో ఎవరూ శాసించరు. కనిపించిన కొండల్లా ఎక్కొచ్చు. రెండు, ఆటలో ఏదైనా నచ్చకపోతే మనమే మార్చుకోవచ్చు. ఆ మార్పుల పేరే ‘మోడ్’లు. ఈ ఆట రికార్డులూ, ఈ ఆట రోగాలూ పుట్టింది ఈ రెండింటి నుంచే.

అన్నిటికంటే పెద్దది

విస్తీర్ణంలో చక్రవర్తి స్కైరిమ్ కాదు, దానికంటే 15 ఏళ్లు పెద్దదైన డాగర్‌ఫాల్! వాడుకలో ఉన్న లెక్క ప్రకారం దాని నేల 1,61,600 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మొత్తం సుమారు 1,63,000. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఉన్న నేలంత స్థలాన్ని 1996 నాటి సీడీలో పట్టించారు. ఊళ్లు, కోటలు, గుహలు కలిపి 15,000. మనుషులు 7,50,000. కిటుకు ఒక్కటే: ఇదంతా మనిషి కూర్చుని గీసింది కాదు, సూత్రాలు ఇచ్చి కంప్యూటర్‌తో అల్లించింది. అందుకే ఒక ఊరు చూస్తే వంద ఊళ్లు చూసినట్టే. తప్పులూ అదే స్థాయిలో ఉండేవి. అభిమానులే ముద్దుగా ‘బగ్గర్‌ఫాల్’ అని పేరు పెట్టేంత!

స్కైరిమ్ ఎంత? సుమారు 37 చదరపు కిలోమీటర్లు! అన్నగారిలో నాలుగు వేలో వంతు కూడా లేదు. అయినా జనం మనసులో పెద్దదిగా నిలిచింది ఇదే. కారణం చేతిపని. ఒబ్లివియన్‌లో గుహలన్నీ ఒక్క మనిషి కూర్చితే, స్కైరిమ్‌లో 120కి పైగా గుహల కోసం 8 మంది బృందం పనిచేసింది. ఏ రెండూ ఒక్కలా ఉండవు.

ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. ఉత్తరాన మంచుగడ్డల సముద్రం ఒడ్డున ఫ్రాస్ట్‌ఫ్లో అనే లైట్‌హౌస్ ఉంది. లోపల హబ్ద్, రమతి దంపతులు, వాళ్ల పిల్లలు మణి, సుడి కాపురం. తలుపు తీస్తే నేలమీద రమతి శవం. జరిగింది చెప్పడానికి మనిషి మిగల్లేదు, డైరీలే మిగిలాయి. చదువుకుంటూ నేలమాళిగలోంచి గుహలోకి దిగాలి. అడుగున ఉన్న భారీ పురుగును చంపితే దాని కడుపులో దొరుకుతాయి హబ్ద్ అవశేషాలు. వాటిని పైకి మోసుకొచ్చి దీపస్తంభం మంటలో వేస్తే, అప్పటినుంచి మన వైద్య మంత్రాలు 10 శాతం ఎక్కువ పనిచేస్తాయి. ఆ డైరీలు చదవని ఆటగాడికి ఈ కథ ఉన్నట్టే తెలియదు. ఇలాంటివి ఎన్నో పెట్టి, చూస్తారో లేదో అని బెంగపడకుండా వదిలేశారు. స్కైరిమ్ బలం ఏమిటని అడిగితే నేను మొదట చూపించేది ఈ లైట్‌హౌస్‌నే.

గొంతులు, గీతలు

90 గొంతుల పాట! ఆట మొదలవగానే వినిపించే బృందగానానికి పాడినవాళ్లు నిజానికి 30 మందే. మూడుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పేర్చారు సంగీత దర్శకుడు జెరెమీ సోల్. పాడింది ఏ దేశపు భాషా కాదు, ఆట కోసమే కల్పించిన డ్రాగన్ భాష. దానికి లిపి కూడా కల్పించారు. అక్షరాలు 34. డ్రాగన్ తన గోళ్లతో రాతి మీద గీస్తే ఎలా వస్తాయో అలాగే ఉంటాయి ఆ గీతలు. గీసిన చిత్రకారుడు ఆడమ్ ఆడమోవిచ్. ఇంత పెద్ద ఆటకు ఊహాచిత్రాలు గీసినవాళ్లు ఆయనా, రే లెడరర్, ఇద్దరే! విడుదలైన మూడు నెలలకే, 2012 ఫిబ్రవరిలో ఆడమోవిచ్ కన్నుమూశారు.

సంభాషణలు 60,000కి పైగా. గొంతు ఇచ్చిన నటులు 70కి పైగా. వాళ్లలో ఆస్కార్ నటుడు క్రిస్టఫర్ ప్లమ్మర్, మాక్స్ వాన్ సిడో లాంటి దిగ్గజాలు ఉన్నారు. మరి లోపం? పాత్రలు వందల్లో ఉంటే గొంతులు పదుల్లోనే. పొద్దున ఈ ఊళ్లో కమ్మరి గొంతు, సాయంత్రం పక్క ఊళ్లో దొంగ గొంతు ఒకటే! కాపలావాళ్లయితే ఊరు ఊరునా అదే పాఠం. ఒకప్పుడు సాహసయాత్రలు చేసి, మోకాలికి బాణం తగిలి మానేశానని చెప్పే కాపలావాడి మాట ఆట ఆడనివాళ్లకు కూడా కంఠతా వచ్చేంతగా ఇంటర్నెట్ అంతా పాకింది.

జపాన్‌లో పేరున్న గేమింగ్ పత్రిక ఫామిట్సు 40కి 40 మార్కులు వేసింది. పాశ్చాత్య దేశాల ఆట ఒకటి ఆ పత్రిక దగ్గర నూటికి నూరు కొట్టడం అదే మొదటిసారి.

అన్నిటికంటే చిన్నది

ఇక అసలైన చాంపియన్ దగ్గరికి వద్దాం. స్కైరిమ్ చరిత్రలో అత్యంత బలశాలి డ్రాగన్ కాదు, తేనెటీగ!

ఆట మొదలయ్యేది ఒక గుర్రబ్బండిలో. మన చేతులు కట్టేసి ఉంటాయి. ఎదురుగా తిరుగుబాటు సైనికుడు, పక్కన నోటికి గుడ్డ కట్టిన వాళ్ల నాయకుడు, భయంతో వణికే గుర్రాల దొంగ. హెల్గెన్ అనే ఊరికి, ఉరికంబం లాంటి నరికే మొద్దు దగ్గరికి ప్రయాణం. ఈ బండి బొమ్మ కదిలినట్టు గీసిన గీత మీద కదలదు. దానికి బరువు, రాపిడి, కుదుపు అన్నీ లెక్కగట్టి నడిపిస్తారు. దారిలో చిన్న రాయి అడ్డొచ్చినా ఆ లెక్క తేడా కొడుతుంది.

ఆ బండి తయారీ రోజుల్లో ఉన్నట్టుండి గజగజ ఊగిపోయి రాకెట్‌లా ఆకాశంలోకి లేచిపోయేదట. ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడు. అందుకే కారణం అంతుపట్టలేదు. చివరికి తేలింది: వేరే విభాగంలో ఒక చిన్న లోపం ఉండేది. ఎగిరే తేనెటీగను ఆటగాడు పట్టుకుని మందుల తయారీకి వాడుకోవాలి, కానీ పట్టుకోవడం కుదిరేది కాదు. దాన్ని సరిచేయడానికి ఈగకు ‘తగిలే గుణం’ ఇచ్చారు. చేతికి తగలాల్సిన ఈగ అన్నిటికీ తగలడం మొదలుపెట్టింది. ఎవరు నెట్టినా అది జరగదు. సౌగంధిక పుష్పం కోసం వెళ్లిన భీముడికి హనుమంతుడి తోక ఎంత బరువో, ఆ బండికి ఈ ఈగ అంత బరువు! ఈగ దారి దాటిందా, బండి గాల్లోకి లేచిందే. ఈ సంగతి 2021లో ప్రపంచానికి చెప్పింది ఆ ఆట మీద పనిచేసిన నేట్ పర్కీపైల్. నూరు మంది చెమటోడ్చిన ఆటలో ఒక తీగ లాగితే ఎక్కడి డొంక కదులుతుందో ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

విడుదలైన ఆటలోనూ ఆ బండికి గండం తప్పలేదు. స్కైరిమ్‌లో వస్తువుల కదలిక లెక్కలు సెకనుకు 60 దృశ్యాలకు కట్టి ఉంటాయి. శక్తిమంతమైన కంప్యూటర్ కొని, ఆ కళ్లెం తీసేసి 60 దాటించారా, బండి మళ్లీ తైతక్కలాడుతుంది. బల్లల మీది గిన్నెలు వాటంతటవే లేచిపోతాయి. యంత్రం ఎంత బలమైనదైతే ఆట అంత తడబడటం దీని ప్రత్యేకత!

ఎత్తులు, గెంతులు, మెట్లు

అతి ఎత్తైన ఎగురు: మొదటి గంటలోనే, మామూలు కత్తితో వెళ్లి మామత్ ఏనుగుల కాపరి మహాకాయుడితో తలపడండి. గద ఒక్క దెబ్బ చాలు, మన వీరుడు మేఘాల్లోకి రివ్వున వెళ్లిపోతాడు! దెబ్బ బలం లెక్కలో జరిగిన పొరపాటు ఇది. జనం దీన్ని ఎంత ప్రేమించారంటే, సరిచేయకుండా అలాగే ఉంచేశారు.

అతి పొడవైన గెంతు మాత్రం మారోవిండ్‌దే. మొదటి ఊరు సేడా నీన్ దాటగానే పైనుంచి ఒక కేక. మాంత్రికుడొకడు ఆకాశంలోంచి ధబ్బున మన ముందు పడి చనిపోతాడు. అతని దగ్గర మూడు మంత్రపత్రాలు దొరుకుతాయి. ఒక్కోటి గెంతే శక్తిని ఏకంగా 1,000 పాయింట్లు పెంచుతుంది, 7 సెకన్లపాటు. ఒక్క గెంతుకు ఊళ్లకు ఊళ్లు కిందనుంచి దాటిపోతాయి. అయితే దిగేసరికి ఆ 7 సెకన్లు అయిపోతాయి! అతనెలా చచ్చాడో అప్పుడు అర్థమవుతుంది. రెండో పత్రం ఎప్పుడు చదవాలో కనిపెట్టినవాడే బతికి బట్టకడతాడు.

పేరు గొప్ప మెట్లు: హై హ్రోత్‌గర్ మఠానికి 7,000 మెట్లని ఆటలో ప్రతివాళ్లూ చెబుతారు. ఓపికపట్టి లెక్కపెట్టినవాళ్లకు వెయ్యి కూడా తేలలేదు. మన అలిపిరి మెట్లు 3,550. స్కైరిమ్ కొండ కంటే తిరుమల కొండ మూడు రెట్లకు పైగా గట్టిది!

అతి వేగం: స్కైరిమ్ ముఖ్యకథ ఒక్కటే తాపీగా ఆడితే 30 గంటలు పైబడుతుంది. మారోవిండ్‌ ముఖ్యకథనైతే మందులు, గెంతులు, అడ్డదారులు తెలిసిన నిపుణులు 5 నిమిషాల లోపే ముగించేశారు.

బలానికి అంతులేదు

మందుల కషాయంతో దేవుణ్ణి మించిపోయే దారి ఒకటుంది. కషాయం కాచే నేర్పు పెంచే ఉంగరం, హారం, చేతితొడుగులు వేసుకోవాలి. వైద్యశక్తి పెంచే కషాయం కాచి తాగాలి. ఆ నగలన్నీ తీసి మళ్లీ వేసుకోవాలి. అంతే! ఆ నగల మహిమను కూడా ఆట ‘వైద్యం’ ఖాతాలోనే రాసుకుంటుంది కాబట్టి వాటి బలం పెరుగుతుంది. పెరిగిన బలంతో ఇంకా గట్టి కషాయం. తాగి, మళ్లీ తీసి, మళ్లీ వేసుకోవడం. పదిసార్లు తిప్పేసరికి అంకెలు తెరమీద పట్టవు. దాంతో చేసిన కత్తి తగిలితే డ్రాగనైనా ఒక్క వేటుకు సరి. ఇంకా అత్యాశకు పోతే అంకెలు తలకిందులై ఆటే కూలిపోతుంది.

సులువైన దొంగతనం: కొట్టువాడి తల మీద బకెట్ బోర్లించండి. అతను పల్లెత్తు మాట అనడు. కళ్లకు అడ్డం ఉంది కాబట్టి ఏమీ కనబడదు. కొట్టంతా ఊడ్చుకుపోవచ్చు! ఇది లోపమా, గొప్పా? నా లెక్కలో గొప్పే. చూపును నిజంగా లెక్కగట్టే ఆట కాబట్టే బకెట్ అడ్డమొచ్చింది.

ఉన్న లోపం ఉన్నట్టు

ఇవన్నీ నవ్వుకునే తప్పులు. నవ్వురానివి కొన్ని ఉన్నాయి.

వింటర్‌హోల్డ్ మంత్ర విద్యాలయంలో చేరి పట్టుమని పది పనులు కూడా పూర్తిచేయకుండానే మనల్ని ఆ విద్యాలయానికి అధిపతిని చేసేస్తారు. పెద్ద మంత్రాలు ఒక్కటీ రాకపోయినా సరే! తొమ్మిదేళ్ల ముందటి మారోవిండ్‌లో అయితే విద్య ఫలానా మెట్టు చేరితేనే పై పదవి. పోనీ, అధిపతి అయ్యాక ఊరు మర్యాద చేస్తుందా? అదీ లేదు. డ్రాగన్లను చంపి లోకాన్ని కాపాడినా, ఊరి గుమ్మం దగ్గర కాపలావాడు మనల్ని అనామకుడిలాగే పలకరిస్తాడు. ఆటలో నడిచే అంతర్యుద్ధంలో నగరాన్ని గెలిస్తే మారేది సింహాసనం మీది మనిషి మాత్రమే. లోకం విశాలం, లోకం జ్ఞాపకశక్తి పొట్టి. స్కైరిమ్ అసలు బలహీనత ఇదేనని నా గట్టి నమ్మకం. కత్తియుద్ధం బరువు లేకుండా గాలిని నరికినట్టుండటం దీని తర్వాతి మాట.

అతి బరువైన సేవ్ ఫైల్: ప్లేస్టేషన్ 3 మీద ఆడినవాళ్ల కష్టం కష్టం కాదు. ఎక్కువ గంటలు ఆడేకొద్దీ, ఎన్ని వస్తువులు కదిపామో అన్నీ గుర్తుపెట్టుకుంటూ సేవ్ ఫైల్ లావెక్కేది. కొన్ని మెగాబైట్లు దాటగానే తెర నత్తనడక. ఎంత ఇష్టపడి ఆడితే అంత శిక్ష! డాన్‌గార్డ్ అనే అదనపు భాగం ఎక్స్‌బాక్స్‌కు 2012 జూన్‌లో వస్తే, ప్లేస్టేషన్‌కు 2013 ఫిబ్రవరిలో గానీ రాలేదు. ఎనిమిది నెలల ఆలస్యం.

వెనక్కి ఎగిరిన డ్రాగన్లు: 2011 నవంబరు చివర్లో తప్పులు దిద్దే ప్యాచ్ ఒకటి విడుదల చేశారు. అది వేయగానే కొందరి తెరల మీద డ్రాగన్లు తోక ముందు, తల వెనుకగా ఎగరడం మొదలుపెట్టాయి. ఆ ప్యాచ్‌ను దిద్దడానికి మళ్లీ ఇంకో ప్యాచ్.

రహస్యంగా నిద్రపోయిన యంత్రం: ఈ కంపెనీ యుక్తికి కూడా ఒక కిరీటం పెట్టాలి. పాత ఎక్స్‌బాక్స్‌లో మెమరీ చాలా తక్కువ. మారోవిండ్ ఆడుతుండగా అది నిండిపోతే, ‘లోడింగ్’ అని తెరమీద ఒక బొమ్మ నిలిపి, వెనకాల యంత్రాన్నే ఆపి మళ్లీ మొదలుపెట్టేవారు! ఆడేవాడికి కాస్త ఎక్కువసేపు లోడయిందనిపించేది, అంతే. ఈ గుట్టు ఏళ్ల తర్వాత టాడ్ హోవార్డే విప్పారు.

సొంతవాళ్లు వేసిన అతుకులు

2012 ఫిబ్రవరి 7. ఆటను తయారుచేయడానికి తాము వాడిన పనిముట్లనే ‘క్రియేషన్ కిట్’ పేరుతో ఆట కొన్నవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చేసింది బెథెస్డా. ఈ సంప్రదాయం 2002 మారోవిండ్ నాటిది. ఒక కంపెనీ తన కొలిమినీ సుత్తినీ తెచ్చి జనం చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు. 2011లో స్కైరిమ్‌తో పోటీపడిన ఎన్నో ఆటలు మరుగున పడ్డాయి, స్కైరిమ్ ఇంకా ఆడుతున్నారంటే ఈ కిట్టే కారణం.

ఫలితం? 2001లో రాబిన్ స్కాట్ అనే ఇంగ్లండ్ కుర్రాడు మారోవిండ్ అభిమానుల కోసం మొదలుపెట్టిన సైటే పెరిగి పెద్దదై నెక్సస్ మోడ్స్ అయింది. అక్కడ స్కైరిమ్ పాత, కొత్త కూర్పులకు కలిపి ఉన్న మోడ్‌లు లక్షకు పైనే! గడ్డిపోచ నుంచి కొత్త ఖండం దాకా దొరకనిది లేదు.

అతి కటువైన సరిహద్దు: 255. ఎందుకు 255? ఆటలో ప్రతి వస్తువుకూ 8 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. బంగారు నాణేనిది ఏడు సున్నాలు, చివర ‘ఎఫ్’. ఇందులో మొదటి రెండు స్థానాలు ఆ వస్తువు ఏ ఫైలుకు చెందిందో చెబుతాయి. రెండు సున్నాలంటే అసలు ఆట. పదహారు అంకెల పద్ధతిలో రెండు స్థానాలతో రాయగలిగేవి 256 సంఖ్యలే. చివరిదైన ‘ఎఫ్ఎఫ్’ను ఆట మధ్యలో పుట్టే వస్తువులకు కేటాయించారు. మిగిలినవి 255. అసలు ఆట, దాని అదనపు భాగాలు పోను మిగిలినవే మోడ్‌లకు. 256వది పెట్టడానికి చోటే లేదు! లక్ష మోడ్‌లు ఊరిస్తుంటే 255 అల్మరాలు.

ఏళ్లపాటు జనం మోడ్‌లను ఒకదాన్లో ఒకటి కలిపి కుట్టుకుంటూ గడిపారు. 2017లో దారి తెరుచుకుంది. ‘ఎఫ్ఈ’ అనే ఒక్క అరను చీల్చి, అందులో ఇంకో మూడు స్థానాలు వాడుకుంటే 4,096 తేలికపాటి ఫైళ్లు పట్టాయి. ఒక్క గదిని 4,096 గదుల భవనం చేసిన నేర్పు అది. ఇప్పుడు వాబ్బజాక్ అనే పనిముట్టుతో ఎవరో కూర్చిన జాబితా మొత్తాన్ని దింపుకోవచ్చు. కొన్ని జాబితాల్లో మోడ్‌ల సంఖ్య వేలల్లోనే ఉంటోంది. ఎక్స్‌బాక్స్ 360లో 4 గిగాబైట్లు కూడా నిండని ఆట, ఈ బట్టలు తొడిగాక వందల గిగాబైట్లు తింటుంది!

అతి పెద్ద మోడ్‌లలో ఒకటి: ఎండరల్. జర్మనీ బృందం ష్యూర్‌ఏఐ 2016లో విడుదల చేసింది. స్కైరిమ్ యంత్రం మాత్రమే తీసుకుని కొత్త దేశం, కొత్త కథ, కొత్త గొంతులు, కొత్త విద్యలు. ఉచితం. అదే ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ అభిమాన సృష్టి బహుమతి. స్కైరిమ్‌లో లేని కథాబలం దీనిలో ఉంది.

కోర్టు వదిలి కలం పట్టిన లాయర్: ఆస్ట్రేలియా న్యాయవాది నిక్ పియర్స్ తీరిక వేళల్లో 1,700 గంటలు వెచ్చించి 2015లో ‘ద ఫర్‌గాటెన్ సిటీ’ మోడ్ చేశారు. ఒక్కరు తప్పు చేస్తే ఊరంతా చచ్చిపోయే నగరం కథ. 2016లో దానికి ఆస్ట్రేలియా రచయితల సంఘం అవార్డు దక్కింది. ఒక దేశపు రచయితల సంఘం మోడ్‌కు బహుమతి ఇవ్వడం చరిత్రలో అదే మొదలు! తర్వాత ఆయన ఉద్యోగం వదిలేసి దాన్నే విడి ఆటగా మలిచి 2021లో విడుదల చేశారు.

19 ఏళ్ల కుర్రాడి దీవి: 2013లో అలెగ్జాండర్ వెలికీ ఫాల్‌స్కార్ అనే కొత్త దీవిని సుమారు 2,000 గంటలు శ్రమించి చేశాడు. ఆ మోడ్‌నే తన దరఖాస్తుగా చూపి ఆటల కంపెనీలో ఉద్యోగం కొట్టాడు.

అతి మాటకారి స్నేహితుడు: ఇనిగో. నీలం రంగు పిల్లిమనిషి. ఒక్క అభిమాని రాసి, తన గొంతుతోనే చెప్పిన మాటలు 7,000కి పైగా! అసలు ఆట మొత్తం 60,000 మాటల పక్కన పెట్టి చూడండి. మనతో నడుస్తూ వాన పడితే ఒక మాట, గుహలోకి దిగితే ఒక మాట, మనం అతిగా దొంగతనం చేస్తే ఇంకో మాట. పెళ్లాడిన భార్య కూడా నాలుగు ముక్కలే వల్లించే లోకంలో నిజంగా తోడనిపించేది ఇతనొక్కడే.

అతి విడ్డూరం: 2013లో ఒకరు డ్రాగన్లన్నిటినీ తీసేసి, పిల్లల కార్యక్రమంలోని థామస్ రైలింజన్‌ను పెట్టారు. ఆకాశంలోంచి కూతపెడుతూ, నిప్పులు కక్కుతూ దిగుతుంది రైలు!

అతి సుదీర్ఘ నిర్మాణం: టామ్రియెల్ రీబిల్ట్. మారోవిండ్ ఆటలో కట్టింది ఒక్క దీవే. మిగతా దేశమంతా మేం కడతామని అభిమానులు 2001లో పూనుకున్నారు. అంటే ఆ ఆట విడుదల కాకముందే! ఈనాటికీ తాపీ కింద పెట్టలేదు. తరం మారినా పని సాగుతోంది.

వీటన్నిటికంటే మిన్నగా నేను కిరీటం పెట్టేది పేరులో మెరుపు లేని ఒక మోడ్‌కు: అనధికార ప్యాచ్. కంపెనీ వదిలేసిన వేల తప్పులను అభిమానులు ఒక్కొక్కటిగా వెతికి దిద్దారు. ముడిపడని కథలు ముడిపడ్డాయి, గోడలో ఇరుక్కున్న మనుషులు బయటపడ్డారు, తప్పుచోట తేలే రాళ్లు నేలకు దిగాయి. పైసా జీతం లేదు. ఆట మాత్రం 2011, 2016, 2017, 2021లలో కొత్త కొత్త కూర్పులుగా మళ్లీ మళ్లీ అమ్ముడైంది. ఒక్కోసారి అవే పాత తప్పులతో! ఇంత డబ్బు తెచ్చిన ఆటకు ఆ మరమ్మతు కంపెనీయే చేయాల్సింది.

అతి తక్కువ కాలం బతికిన దుకాణం

4 రోజులు! 2015 ఏప్రిల్ 23న స్టీమ్‌లో మోడ్‌లకు ధర పెట్టారు. అమ్మకంలో చేసినవాడికి 25 శాతం, బెథెస్డాకు 45, స్టీమ్ నడిపే వాల్వ్‌కు 30. చెమటోడ్చినవాడికి పావలా వంతు! ఆటగాళ్లు భగ్గుమన్నారు. వినతిపత్రం మీద సంతకాలు లక్షా ముప్పై వేలు దాటాయి. ఏప్రిల్ 27న కట్టేశారు, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చారు. ఇంతకుముందు 2006లో ఒబ్లివియన్ గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మి తిట్లు తిన్న సంస్థే ఇది. కవచం చాలావరకు అలంకారమే, గుర్రం పరుగు పెరగలేదు.

అందరికీ ఒకే వాటా దక్కలేదు: 2016 కూర్పులో ఎక్స్‌బాక్స్ వన్‌కు మోడ్‌ల కోసం 5 గిగాబైట్లు ఇచ్చారు. ప్లేస్టేషన్ 4కు ఒక్కటే గిగాబైటు, అదీ బయటి బొమ్మలు, శబ్దాలు వాడకూడదన్న షరతుతో. ఒకే ఆట, ఒకే ధర, అయిదో వంతు స్వేచ్ఛ.

ఒక్క దెబ్బకు వందలు: 2021 నవంబరు 11న, పదేళ్ల పండుగకు కొత్త కూర్పు వచ్చింది. చేపల వేటతో సహా 500కు పైగా అదనపు అంశాలు. కానీ లోపలి ప్రోగ్రామ్‌ను కొత్తగా కట్టడంతో, స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే పనిముట్టు మీద ఆధారపడిన మోడ్‌లు రాత్రికి రాత్రి మూగబోయాయి. మళ్లీ రాయాల్సింది ఎవరు? జీతంలేని అభిమానులే.

అతి పెద్ద వయసు, అతి పెద్ద నిరీక్షణ

షర్లీ కర్రీ. పుట్టింది 1936లో. స్కైరిమ్ ఆడుతూ, ఆడేటప్పుడు మనవలతో మాట్లాడినట్టు మాట్లాడుతూ వీడియోలు పెట్టి ‘స్కైరిమ్ బామ్మ’గా లోకానికి పరిచయమయ్యారు. వచ్చే ఆటలో ఆవిడను ఒక పాత్రగా పెట్టాలని అభిమానులు అడిగితే, 2019లో బెథెస్డా సరేనంది. 88 ఏళ్ల వయసులో ఆవిడ ఇక వీడియోలకు సెలవన్నారు. ఆ ‘వచ్చే ఆట’ మాత్రం ఇంకా రాలేదు!

ఎల్డర్ స్క్రోల్స్ ఆరో భాగాన్ని ప్రకటించింది 2018 జూన్‌లో. చూపించింది కొండలు, సముద్రం, ఒక పేరు. నిమిషం కూడా లేని దృశ్యం. మారోవిండ్ నుంచి ఒబ్లివియన్‌కు 4 ఏళ్లు. ఒబ్లివియన్ నుంచి స్కైరిమ్‌కు 5. స్కైరిమ్ తర్వాత పదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఈలోగా కంపెనీయే చేతులు మారింది. 2021లో మైక్రోసాఫ్ట్ దాని మాతృసంస్థను 750 కోట్ల డాలర్లకు కొనేసింది.

చివరి అంకె: సున్నా

ఈ ఆట అధికారికంగా వచ్చిన భాషల్లో భారతీయ భాషలు సున్నా. జపనీస్‌లో ఉంది, పోలిష్‌లో ఉంది, చెక్‌లో ఉంది. హిందీలో లేదు, తెలుగులో లేదు. హైదరాబాద్ స్టూడియోల్లో ప్రపంచ ఆటల బొమ్మలకు ప్రాణం పోసే కుర్రాళ్లున్నారు. డబ్బింగ్ కళలో మనకు దశాబ్దాల అనుభవం ఉంది. అక్షరాలు తెరమీద కుదురుగా రావడం కష్టమైతే గొంతులతో మొదలుపెట్టండి. ఇనిగోను చేసింది ఒక్కడే అని మరిచిపోకండి. ఒక కాపలావాడికి శ్రీకాకుళం యాస, కమ్మరికి కరీంనగర్ యాస, సారాకొట్టు అవ్వకు కడప యాస పెట్టి చూడండి. కిట్ ఉచితం, నేర్పే వీడియోలు కొల్లలు. మొదటి మోడ్ వేసేముందు మాత్రం సేవ్ ఫైల్ నకలు ఇంకోచోట దాచుకోండి, సగం ఆటలో ఉండగా ఏ మోడ్‌నూ తీసేయకండి.